ముందు దోబర్ దాన్, తర్వాతే పని

అందరికీ నమస్కారం.

మీలో కొందరు ఆడ్రియాటిక్ తీరంలోని హోటళ్లలో వంటకో, సర్వింగ్‌కో వెళ్తున్నారు. కొందరు రాజధాని జాగ్రెబ్‌లో బిల్డింగ్ పనులకు. మీరు వెళ్తున్న క్రొయేషియా చిన్న దేశం. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 38.7 లక్షల మంది. 2013లో యూరోపియన్ యూనియన్‌లో చేరాక అక్కడి కుర్రవాళ్లు చాలామంది జర్మనీకి, ఐర్లాండ్‌కి వెళ్లిపోయారు. ఆ ఖాళీల్లోకే ఇప్పుడు నేపాల్ వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మనవాళ్లు వెళ్తున్నారు. తీరంలో ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు, నిజమే. కానీ పలకరింపు మాత్రం వాళ్ల భాషలోనే ఉండాలని నా అభిప్రాయం.

ఎందుకో చెప్తాను. మనం కిరాణా కొట్టుకు వెళ్తే ‘అన్నా, అర కిలో పంచదార’ అంటాం. ఆ ‘అన్నా’లోనే పలకరింపు ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు. క్రొయేషియన్లకు బయటివాళ్లను అలా వరస కలిపి పిలిచే అలవాటు లేదు. ‘తేతా’ అంటే అత్తో పిన్నో. చిన్నపిల్లలు పెద్దవాళ్లను అలా పిలుస్తారు గానీ, మీరు కౌంటర్‌లో ఉన్నావిడను అంటే బాగోదు. ఆ వరస లేని లోటును ‘దోబర్ దాన్’, అంటే శుభదినం, తీరుస్తుంది. షాపులో అడుగుపెట్టగానే, డాక్టర్ దగ్గర వెయిటింగ్ రూమ్‌లోకి వెళ్లగానే, ముఖం తెలియకపోయినా ‘దోబర్ దాన్’ అంటారు. వెళ్లేటప్పుడు ‘దోవిజేన్యా’. ఇది అనకుండా నేరుగా ‘బ్రెడ్ ఎంత’ అని అడిగితే పొగరనుకుంటారు.

పొద్దున పది గంటల దాకా ‘దోబ్రో యుత్రో’, ఆ తర్వాత ‘దోబర్ దాన్’, వెలుతురు తగ్గాక ‘దోబ్రా వేచెర్’. డిసెంబరులో జాగ్రెబ్‌లో నాలుగున్నరకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి గడియారం కన్నా కిటికీ వైపు చూడటం మేలు. ‘లాకు నోచ్’ పడుకోబోయే ముందు, లేదా రాత్రి విడిపోయేటప్పుడు మాత్రమే. డ్యూటీకి రాగానే అది చెప్పకండి.

ఉచ్చారణలో మనకొక లాభం ఉంది. వాళ్ల ద, త మన ద, త లాగే పళ్లకు నాలుక తగిలి వస్తాయి. ఇంగ్లీషు మీడియం అలవాటుతో ‘డోబర్ డాన్’ అన్నారో, ఆ లాభం పోయినట్టే. మనకు నష్టం కూడా ఒకటుంది. మాట చివర అచ్చు తగిలిస్తాం. కుర్రవాళ్లు ఒకరినొకరు జాగ్రెబ్‌లో ‘బోక్’ అని పలకరించుకుంటారు, విడిపోయేటప్పుడూ అదే. దాన్ని ‘బోకు’ చేయకండి. ఇక వాళ్ల దేశం పేరు ‘హృవాత్స్కా’. ఆ మొదటి అక్షరంలో హ పక్కన ర తప్ప అచ్చు లేదు, ర యే అచ్చులా పనిచేస్తుంది. ‘కృక్’ అని ఒక ద్వీపమే ఉంది. మనం కృష్ణను ‘క్రుష్ణ’ అంటాం చూశారా, అక్కడ ఆ ‘ఉ’ తీసేసి ప్రయత్నించండి. వాళ్లకు రెండు రకాల ‘చ’లు కూడా ఉన్నాయి. జాగ్రెబ్ వాళ్లలోనే చాలామంది ఆ రెంటినీ ఒకేలా పలుకుతారు, మీకెందుకు టెన్షన్.

తీరానికి వెళ్లేవాళ్లకు విడిపోయేటప్పుడు ‘చావో’, ‘ఆదియో’ వినిపిస్తాయి. ఇటలీ ఎదురుగానే ఉంది మరి. ‘ఏమిటి’ అనడానికి కూడా జాగ్రెబ్ వైపు ‘కాయ్’, కొన్ని దీవుల్లో ‘చా’, బడిపుస్తకంలో ‘ష్తో’. మన ఏంటి, ఏంది లాంటిదే. మీరు ‘ష్తో’తో ఉండండి చాలు.

అసలు జాగ్రత్త ‘తి’, ‘వి’ దగ్గర. నువ్వు, మీరు అన్నమాట. ఒక్కరితో మాట్లాడుతున్నా ‘వి’ అంటే క్రియ బహువచనంలోకి పోతుంది, ‘మీరు వచ్చారు’ అన్నట్టే. స్నేహితుణ్ని ‘కాకో సి?’, మేనేజర్‌ని ‘కాకో స్తే?’ అని అడుగుతారు. దానికి జవాబు ‘దోబ్రో, హ్వాలా. ఆ వి?’ ఇంగ్లీషు వాళ్లు ఈ తేడాకు తల పట్టుకుంటారు, మనకు అది ఉగ్గుపాలతో వచ్చిందే. ‘తి’కి మారదామని పెద్దవాళ్లే చెప్తారు, అప్పటిదాకా ఆగండి. చెప్పాక కూడా ‘వి’ అంటూ పోతే దూరం పెడుతున్నారనుకుంటారు. మన ‘గారు’ మాత్రం అక్కడ ఉండదు. ఎదుట లేని మేనేజర్ గురించి ‘ఓన్’, అంటే అతను, అన్నా అమర్యాద కాదు. పిలిచేటప్పుడు మగవారిని ‘గోస్పోదినె’, ఆడవారిని ‘గోస్పొజో’ అంటే సరిపోతుంది.

‘మోలిమ్’ అనే మాట ఒక్కటి గట్టిగా పట్టుకోండి. దయచేసి అనడానికి అదే, థాంక్స్‌కు బదులుగా అదే, సరిగా వినపడకపోతే మళ్లీ చెప్పమనడానికి అదే, ఫోన్ ఎత్తగానే అదే. సర్వింగ్‌లో ఉండేవాళ్లకు ‘ఇజ్వోలితే’ రోజంతా పనికొస్తుంది. ప్లేటు పెడుతూ, బిల్లు ఇస్తూ, కస్టమర్‌ని ‘చెప్పండి’ అంటూ, అన్నిటికీ అదే. తినేవాళ్లకు ‘దోబర్ తెక్’ అని చెప్పడం మర్యాద.

ఇక పరిచయం. చేయి చాచి, కళ్లలోకి చూసి, ‘జోవెమ్ సె’ అని పేరు చెప్పాలి. తర్వాత ‘ద్రాగో మి యె’, మిమ్మల్ని కలిసినందుకు సంతోషం అని. ‘యా సమ్ ఇజ్ ఇందియె’ అంటే ఇండియా నుంచి వచ్చాను. మగవారు ‘ఇందియాత్స్’, ఆడవారు ‘ఇందియ్కా’. ‘ఇందియానాత్స్’ అనకండి, అది అమెరికా ఆదివాసులకు వాడే మాట. వృత్తి పేరు కూడా అలాగే మారుతుంది: వంటవాడు ‘కుహర్’, వంటావిడ ‘కుహరిత్సా’.

పేరు దగ్గరే మనవాళ్లకు చిక్కు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, లేదా ఒక్క అక్షరానికి కుదించి రాస్తాం. వాళ్ల ఫారంలో ‘ఇమె’ అంటే సొంత పేరు, ‘ప్రెజిమె’ అంటే ఇంటిపేరు. రెండూ తారుమారు చేస్తే బ్యాంకు నుంచి క్వార్టర్ దాకా అందరూ మిమ్మల్ని తప్పు పేరుతోనే పిలుస్తారు. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో చూసుకుని, అదే పద్ధతిలో చెప్పండి, రాయండి.

సరే, ఇప్పుడు అందరూ లేచి పక్కవారి వైపు తిరగండి. ముందు ‘దోబర్ దాన్’, తర్వాత పేరు, ఆపైన ‘ద్రాగో మి యె’. పక్కవారు మీ తమ్ముడైనా సరే, ఈ ఒక్కసారికి ‘కాకో స్తే?’ అని ‘వి’తోనే అడగండి.