ఆల్టిమీటర్ కొలిచేది ఎత్తు కాదు, గాలి ఒత్తిడి

[తెర మీద: శంషాబాద్‌లో బే దగ్గర నిలిపిన ఏ320 కాక్‌పిట్. ఆల్టిమీటర్ క్లోజప్. అంకె 2,020 దగ్గర ఉంది.]

వ్యాఖ్యానం: ఈ విమానం ఇంకా కదల్లేదు. చక్రాలు నేల మీదే ఉన్నాయి. ఆల్టిమీటర్ మాత్రం రెండు వేల అడుగుల పైన చూపిస్తోంది. చెడిపోలేదు, సరిగ్గానే చెబుతోంది. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 2,024 అడుగుల పైన ఉంది మరి.

[తెర మీద: విమానం పక్కభాగం. స్టాటిక్ పోర్ట్ చిల్లులు. తర్వాత పాత మోడల్ ఆల్టిమీటర్ లోపలి బొమ్మ.]

విమానం ఒంటికి రెండు పక్కలా చిన్న చిల్లులుంటాయి. ఇవి స్టాటిక్ పోర్టులు. బయటి గాలి ఒత్తిడి వీటి గుండా లోపలికి వస్తుంది. పాత రకం ఆల్టిమీటర్‌లో గాలి తీసేసి మూసిన పల్చటి లోహపు డబ్బీ ఉంటుంది. పైకి వెళ్ళే కొద్దీ బయటి ఒత్తిడి తగ్గి డబ్బీ ఉబ్బుతుంది, పళ్ళచక్రాలు ముల్లుని తిప్పుతాయి. జెట్ విమానాల్లో ఈ పని కంప్యూటర్ చేస్తుంది. అయినా కొలిచేది ఒత్తిడినే. అడుగులన్నవి ఆ ఒత్తిడి నుంచి కట్టిన లెక్క. ఏ ఒత్తిడిని సున్నా అడుగులుగా తీసుకోవాలో పైలట్ నాబ్ తిప్పి చెప్పాలి.

[తెర మీద: నాబ్, పక్కన ఒత్తిడి అంకె. 1013 నుంచి 998కి మారుతుంది.]

మూడు సెట్టింగులున్నాయి. క్యూఎన్‌హెచ్ పెడితే సముద్రమట్టం నుంచి ఎత్తు వస్తుంది. రన్‌వే మీద నిలబడితే ఆ విమానాశ్రయం ఎత్తే కనిపిస్తుంది. క్యూఎఫ్ఈ పెడితే రన్‌వే మీద సున్నా. దీని వాడకం ఇప్పుడు తక్కువ. మూడోది స్టాండర్డ్, 1013.25 హెక్టాపాస్కల్స్ (గాలి ఒత్తిడి కొలత). ఇది అందరికీ ఒకటే.

నేలకు దగ్గర్లో ఒక్క హెక్టాపాస్కల్ అంటే దాదాపు 28 అడుగులు. ఈ అంకె గుర్తుంటే మిగతాదంతా నోటిలెక్కే. బంగాళాఖాతంలో వాయుగుండం ఉండి విశాఖలో క్యూఎన్‌హెచ్ 998కి పడిపోయిందనుకుందాం. పైలట్ 1013 మార్చకుండా దిగుతున్నాడు. తేడా 15. అంటే సుమారు 420 అడుగులు. ఏ దిక్కుకి? నాబ్‌లో ఉన్న అంకె అసలుకంటే ఎక్కువైతే ఆల్టిమీటర్ కూడా ఎక్కువే చూపిస్తుంది. అది 2,000 అంటున్నప్పుడు విమానం 1,580 దగ్గర ఉంటుంది.

మరి అందరూ ఎప్పుడూ క్యూఎన్‌హెచ్‌లోనే ఎగరొచ్చుగా? పైన వేగంగా వెళ్ళేవాళ్ళు ఊరూరికీ నాబ్ తిప్పుకుంటూ కూర్చోలేరు. పైన కావలసింది విమానానికీ విమానానికీ మధ్య దూరం. అందరి తప్పూ ఒకేలా ఉంటే ఆ దూరం చెడదు. అందుకే ఎక్కేటప్పుడు ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ అనే నిర్ణీత ఎత్తు దాటగానే స్టాండర్డ్, దిగేటప్పుడు ట్రాన్సిషన్ లెవెల్ దగ్గర మళ్ళీ క్యూఎన్‌హెచ్. అమెరికాలో ఆ ఎత్తు 18,000 అడుగులు. మన దగ్గర విమానాశ్రయాన్ని బట్టి మారుతుంది, చార్ట్ చూడాల్సిందే. ఏ320లో నాబ్ లాగితే స్టాండర్డ్, నొక్కితే క్యూఎన్‌హెచ్. ఇద్దరు పైలట్లూ మార్చాక అంకె పైకి చెప్పుకుని పోల్చుకుంటారు. మధ్యలో ఉన్న స్టాండ్‌బై (అదనపు) ఆల్టిమీటర్‌కి నాబ్ వేరే. మరిచిపోయేది ఎక్కువగా దాన్నే.

[తెర మీద: 29.92 | 992]

అమెరికాలో ఒత్తిడి కొలత పాదరసం అంగుళాల్లో. అదే స్టాండర్డ్ అక్కడ 29.92. రేడియోలో "నైన్ నైన్ టూ" అని పొట్టిగా చెబితే, అంగుళాలకి అలవాటు పడిన చెవి దాన్ని 29.92గా వింటుంది. చెప్పింది 992 హెక్టాపాస్కల్స్ అయితే తేడా 21, అంటే దాదాపు 590 అడుగులు. అక్కడ ట్రైనింగ్ చేసి ఇక్కడికొచ్చే మన పిల్లలు మొదటి రోజు నుంచే కొలత పేరుతో కలిపి వినడం, చెప్పడం అలవాటు చేసుకోవాలి.

[తెర మీద: ప్యారిస్, 2022 మే 23. వానలో రన్‌వే.]

అసలు చిక్కు ఇక్కడుంది. ప్యారిస్ చార్లెస్ డి గాల్‌లో క్యూఎన్‌హెచ్ 1001. కంట్రోలర్ ఒక ఏ320కి 1011 అని చెప్పాడు. పైలట్లు అదే పెట్టారు. పది హెక్టాపాస్కల్స్, 280 అడుగులు. ఐఎల్‌ఎస్‌తో దిగుతుంటే దారిని నేల మీది రేడియో కిరణం చూపించేది. క్యూఎన్‌హెచ్ తప్పైనా ఆ కిరణం కదలదు. పైగా చార్ట్‌లోని ఎత్తుకీ ఆల్టిమీటర్‌కీ పొంతన కుదరక తప్పు బయటపడేది. ఆ రోజు దిగుతున్నది బారో-వీన్యావ్ దారిలో. ఆ దారిని లెక్కకట్టేది ఆల్టిమీటరే. దారంతా 280 అడుగులు కిందికి జారింది. దూరాన్ని బట్టి ఎత్తు సరిచూసినా తప్పు దొరకదు, ఎందుకంటే సరిచూసే కొలతబద్ద కూడా అదే. రన్‌వే కనబడక పైలట్లు గో-అరౌండ్ చేశారు, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేచారు. ఆ క్షణంలో, ఒత్తిడితో కాక రేడియో తరంగాలతో నేల నుంచి ఎత్తు కొలిచే రేడియో ఆల్టిమీటర్ చూపిన కనిష్ఠం 6 అడుగులు. రెండోసారీ అదే తప్పు అంకెతో వచ్చారు, కానీ ఈసారి దిగే దారి ఎక్కువో తక్కువో రంగులతో చెప్పే, రన్‌వే పక్కనుండే పాపి దీపాలు కనిపించి ఎత్తు సరిచేసుకున్నారు. విమానాశ్రయం వాతావరణ వివరాలు రేడియోలో చెప్పే ఏటిస్ ప్రసారంలో 1001 అనే ఉంది. అందుకే కంట్రోలర్ చెప్పినది ఏటిస్‌తో పోల్చాలి. కొంచెం తేడా ఉంటే మళ్ళీ అడగాలి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

[తెర మీద: థర్మామీటర్, కొండలు.]

ఉష్ణోగ్రత సంగతి. చల్లగాలి బరువు, పొరలు దగ్గరపడతాయి. స్టాండర్డ్ ఉష్ణోగ్రత కంటే ప్రతి 10 డిగ్రీల చలికి, విమానాశ్రయం పైన ఉన్న ఎత్తులో సుమారు 4 శాతం తక్కువ అనుకోవాలి. విమానాశ్రయానికి 3,000 అడుగుల పైన ఉన్నట్టు చూపిస్తోందనుకోండి. గాలి 20 డిగ్రీలు చల్లగా ఉంటే అసలు ఎత్తు 240 అడుగులు తక్కువ. లేహ్ లాంటి చోట చలికాలంలో కొండల మధ్య దీన్ని వదిలెయ్యలేం. మన ఎండాకాలంలో తిరగబడుతుంది. విమానం చూపించే దానికంటే పైనుంటుంది, కొండల దగ్గర అది మంచిదే. నేల మీద మాత్రం ఎంత చలైనా, ఎంత ఎండైనా అంకె సరిపోతుంది.

బయల్దేరే ముందు పరీక్ష సులువు. క్యూఎన్‌హెచ్ పెట్టి, అంకెని ఆ చోటు ఎత్తుతో పోల్చాలి. 30,000 అడుగుల వరకు కొలిచే ఆల్టిమీటర్లకి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ఒప్పుకునే తేడా 60 అడుగులు. అంతకు మించితే ఎగరకూడదు.

[తెర మీద: స్టాటిక్ పోర్టుల మీద టేప్.]

క్యూఎన్‌హెచ్ ఎంత సరిగ్గా పెట్టినా చిల్లులు మూసుకుపోతే లాభం లేదు. 1996 అక్టోబర్ 2న పెరూ రాజధాని లిమా నుంచి రాత్రి లేచిన బోయింగ్ 757కి, శుభ్రం చేసినప్పుడు అంటించిన టేప్ స్టాటిక్ పోర్టుల మీదే ఉండిపోయింది. ఎత్తు తెలియక పైలట్లు కంట్రోలర్‌ని అడిగారు. ఆయన తెర మీద చూసి చెప్పాడు. కానీ ఆ తెరకి అంకె పంపేది విమానంలోని ట్రాన్స్‌పాండరే. దానికి ఒత్తిడి అందేదీ ఆ మూసుకుపోయిన చిల్లుల నుంచే. విమానం సముద్రంలో కూలి 70 మందీ చనిపోయారు. చుట్టూ తిరిగి చూసేటప్పుడు రెండు పక్కలా స్టాటిక్ పోర్టుల మీద టార్చ్ వెయ్యాలి. టేప్, బురద, పురుగు గూడు ఏది కనిపించినా ఇంజినీర్‌ని పిలవాలి.