"ఆడోళ్ల బంతాటకి ఇంత జనవా?" | డెన్మార్క్ హ్యాండ్‌బాల్ కబుర్లు ఆమదాలవలస నుంచి

అందరికీ నమస్కారమండీ. ఈసారి వ్లాగ్ డెన్మార్క్ నుంచి కాదు, మన ఆమదాలవలస నుంచి. సంక్రాంతికి వచ్చాను. వెనకాల వినిపిస్తున్న రోకలి చప్పుడు అరిసెల పిండిది. వీధి చివరే మిల్లుంది, అయినా మా పెద్దమ్మ దంచిన పిండైతేనే ఒప్పుకుంటుంది. ఆ పంచాయతీ వేరే వీడియోలో పెడతాను, లేకపోతే ఇవాళ అరిసెలతోనే తెల్లారిపోతుంది.

మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి. స్కూల్లో హ్యాండ్‌బాల్ ఆడుతుంది. "అత్తా, వరల్డ్ ఛాంపియన్‌షిప్ చూశావట కదా, చూపించవా" అని నేను దిగిన దగ్గర్నుంచి వదలడం లేదు. అవి 2023 డిసెంబర్‌లో తీసిన క్లిప్పులు. ఇన్నాళ్లూ అప్‌లోడ్ చేయలేదు. నా ఛానల్లో ఇండియన్ స్టోర్లో బిల్లెంతైందో చెప్తే చూస్తారు గానీ ఆటలంటే ఎవరూ చూడరు. ఇవాళ మాత్రం వ్యూస్ కోసం కాదు, మేనకోడలి కోసం.

ఆ ఏడాది మహిళల ప్రపంచ పోటీల్ని డెన్మార్క్, నార్వే, స్వీడన్ కలిసి జరిపాయి. 32 దేశాల జట్లు వచ్చాయి. డిసెంబర్ 17న, ఆఖరి రోజు, కాంస్యం కోసం మ్యాచ్, ఫైనల్ రెండూ హెర్నింగ్‌లోనే. మేముండే ఆర్హుస్ నుంచి కారులో గంట ప్రయాణం. శ్రీకాకుళం టౌన్‌లో సగం జనాభా కూడా లేని ఊరది. అందులో పది వేల మందికి పైగా పట్టే హాలు, అదీ నిండిపోయింది.

ఇదిగో, ఈ క్లిప్ దగ్గరే పెద్దమ్మ రోకలి ఆపేసి వచ్చింది. "ఏటే, ఆడోళ్ల బంతాటకి ఇంత జనవా? అందరూ టిక్కెట్టు కొనీసే ఒచ్చారా?"

కొనే వచ్చారు పెద్దమ్మా. నా టిక్కెట్టు 450 క్రోనర్లు. అప్పట్లో క్రోనర్ 12 రూపాయలు, అంటే 5,400. ఈ మాట ఆయన ముందు అనకండి, ఆయనకి ఇప్పటికీ 300 అనే చెప్పాను. దానికంటే నాకు మండింది జాకెట్ల దగ్గర. చలికి ఒంటి మీద వేసుకెళ్లిన జాకెట్టు కొక్కేనికి తగిలించి టోకెన్ ఇచ్చినందుకు 30 క్రోనర్లు. 360 రూపాయలు! ఆ డబ్బుతో ఇక్కడ ఇద్దరు బిర్యానీ తినొచ్చు.

ఇక ఆట. బంతిని చేత్తో విసిరి గోల్ వేయాలి. ఒక్కో జట్టుకి ఏడుగురు, అరగంట చొప్పున రెండు సగాలు. బంతి పట్టుకుని మూడు అడుగులకు మించి వేయకూడదు. మొరటుగా అడ్డుపడితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఇదంతా మా పిల్లకి నాకంటే బాగా తెలుసు. నేను చెప్పాలనుకున్నది జిగురు గురించి.

ఈ వీడియో జూమ్ చేస్తున్నా, చూడండి. ఆ అమ్మాయి ప్రతి రెండు నిమిషాలకీ వంగి బూటు తడుముతోంది కదా, లేసు కట్టుకోవడం లేదు. బూటు పక్కన పసుప్పచ్చగా ముద్దలా కనిపిస్తోందే, అది జిగురు. దాన్ని వేళ్లకి రాసుకుని బంతి పట్టుకుంటే ఒక్క చేతికే అతుక్కుని ఉంటుంది, గాల్లోకి ఎగిరి ఎటు కావాలంటే అటు తిప్పి కొట్టొచ్చు. మొదట్లో పైన్ చెట్టు బంకతో చేసేవారట. ఉద్దానం వైపు వాళ్లకి ఒక్క ముక్కలో అర్థమవుతుంది, పనసకాయ కోసిన చెయ్యే అనుకోండి. అక్కడ మామూలు హాళ్లలో తలుపు గొళ్లేలకీ, నేలకీ, కుళాయిలకీ కూడా అంటుకుంటుంది. కడగలేక చాలాచోట్ల ఆ జిగురు వాడొద్దని బోర్డులు పెట్టేశారు. వదిలించుకోవడానికి మళ్లీ వేరే సీసా కొనాలి.

"నూనె రాసుకోరేటి?" అంది పెద్దమ్మ.

నిజంగానే నూనెతో పోతుంది. ఆ దేశంలో ఈ మాట చెప్పడానికి ఒక పెద్దమ్మ లేకపోయింది.

జిగురు సంగతి నాకు చెప్పింది పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ. డేనిష్ వాళ్లు బస్సులో మన పక్కన సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్తారు, ఇన్నేళ్లలో మా కింది ఫ్లాట్ వాళ్లతో హలో దాటి మాట లేదు. అలాంటిది డెన్మార్క్ 28–27తో స్వీడన్ మీద గెలిచి కాంస్యం తెచ్చుకోగానే ఆవిడ నన్ను గట్టిగా కావలించుకుంది. నేనూ వదల్లేదు. ఎవరైనా అలా పట్టుకుని చాలా కాలమైందండీ. సరే, అది వదిలేయండి.

ఆవిడ 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లో మహిళల హ్యాండ్‌బాల్ గోల్డ్ వరసగా మాదే అని వేళ్లు మడిచి చెప్పింది. నేనేం తక్కువా? ఆ 2000 సిడ్నీలోనే మా ఊరి పక్క ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిందనీ, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమేననీ చెప్పాను. ఆవిడ ఫోన్‌లో ఫొటో వెతికి చూసి, పక్కనున్న మనవడికి కూడా చూపించింది. ఫైనల్లో ఫ్రాన్స్ 31–28తో నార్వేని ఓడించింది గానీ మా కబుర్లలో సగం చూడనేలేదు.

ఆవిడ ముగ్గురు పిల్లలు పుట్టాక కూడా ఊరి క్లబ్బులో ఆడిందట. అక్కడ పెళ్లయిన ఆడవాళ్లకి కూడా సాయంత్రాలు వేరే జట్లుంటాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో గోల్డ్ గెలిచిన నార్వే గోల్‌కీపర్ కాట్రీనే లుండేకి అప్పటికి 44 ఏళ్లు.

"నలభై నాలుగా! మీ వదినకి ముప్పై ఎనిమిదికే మోకాళ్ల నొప్పులంటాది" అంది పెద్దమ్మ. వంటింట్లో గిన్నె గట్టిగానే చప్పుడైంది. ఈ ముక్క ఎడిటింగ్‌లో తీసేస్తానని వదినకి మాటిచ్చాను, చూద్దాం.

"పదోది అయ్యాక మా జట్టులో ఎవరూ ఆడరత్తా, ఇంట్లో మానిపించేస్తారు" అంది మా పిల్ల. మా అన్నయ్య పేపర్లోంచి తల ఎత్తలేదు. నీ సంగతేంటన్నయ్యా అని కెమెరా ఆయన మీద పెట్టాను. "ముందు పదో తరగతి పాసవ్వనీ" అన్నాడు. రికార్డయింది, ఇంక మాట తప్పడానికి లేదు.

పిల్ల అడిగిందని జిగురు డబ్బా ఒకటి సూట్‌కేసులో పెట్టుకొచ్చాను, ఇప్పటి లెక్కలో 1,500 రూపాయల పైమాటే. తీరా పీఈటీ మాస్టారు వద్దన్నారట. వీళ్లు ఆడేది మట్టి గ్రౌండు, జిగురు రాస్తే గ్రౌండంతా బంతికే అంటుకుంటుంది. ఆయన చెప్పింది నిజమే. డబ్బా మూత తీసి పెద్దమ్మ వాసన చూస్తోంది.

"ఇది ఎలకలకి పని చేస్తాదేటే?"