భిన్నాల లెక్కలో ముందు అడగాల్సిన ప్రశ్న

ఈ లెక్క మీ పిల్లలకి ఇచ్చి చూడండి. 240 పేజీల పుస్తకం, మొదటి రోజు మూడో వంతు చదివారు, రెండో రోజు మిగిలినదాంట్లో నాలుగో వంతు చదివారు, ఇంకా ఎన్ని పేజీలున్నాయి?

చాలామంది 1/3, 1/4 గబగబా కూడేస్తారు, 7/12 వస్తుంది, 240లో అది 140, తీసేస్తే 100 అని రాసేస్తారు. కూడిక కరెక్టే, తీసివేతా కరెక్టే, జవాబు మాత్రం తప్పు. అది చూసి మనం భిన్నాలు రావట్లేదని టెన్షన్ పడి ఇంకో పేజీడు కూడికలు ఇస్తాం, అంటే పిల్లలకి వచ్చినదాన్నే మళ్లీ చేయిస్తున్నామన్నమాట! అసలు తేడా ఎక్కడొచ్చిందంటే, ఆ నాలుగో వంతు 240లో కాదండీ, మిగిలిన 160లో.

అందుకే భిన్నం కనపడగానే "దేనిలో?" అని అడగండి. జవాబు నోటితో చెప్పాకే పెన్సిల్ పట్టుకోవాలి. తర్వాత ఒక పొడవాటి పట్టీ గీసి మూడు సమాన గడులు చేయమనండి, గడికి 80. చదివిన గడి కొట్టేస్తే రెండు మిగులుతాయి, వాటిని సగం సగం చేస్తే నాలుగు ముక్కలు, ముక్కకి 40. ఒకటి తీసేస్తే 120. సింగపూర్ బడుల్లో 1980ల నుంచి ఇలాంటి పట్టీ బొమ్మలతోనే నేర్పుతున్నారు.

"వంతు అని ఉంటే గుణించెయ్" లాంటి షార్ట్‌కట్లు మాత్రం దయచేసి నేర్పకండి, నాకు వాటితోనే పెద్ద గొడవ. ట్యాంకులో అయిదింట మూడు వంతులు నీళ్లున్నాయి, అవి 90 లీటర్లు, ట్యాంకు మొత్తం ఎంత పడుతుంది? షార్ట్‌కట్ నమ్ముకున్న పిల్లలు 90ని 3/5తో గుణించి 54 అంటారు. లోపల 90 లీటర్లుంటే ట్యాంకు 54 లీటర్లది ఎలా అవుతుంది? ఈ ప్రశ్న మీరే వేసి కాసేపు ఆగండి, వాళ్లే సరిచేసుకుంటారు. పట్టీలో మూడు గడులు 90 అయితే ఒకటి 30, అయిదు 150.

ఇంకొకటి ఇస్తాను, ఈ రోజే చేయించండి. 3/4 మీటరు రిబ్బన్లు రెండున్నాయి. ఒకదాంట్లోంచి 1/3 మీటరు కత్తిరించారు, రెండోదాంట్లోంచి ఆ రిబ్బన్‌లో మూడో వంతు కత్తిరించారు. ఏది ఎక్కువ మిగులుతుందో లెక్క చేయకముందే చెప్పమనండి, ఎందుకో కూడా చెప్పమనండి. మొదటిది 5/12 మీటరు, రెండోది అర మీటరు మిగలాలి.