రక్తపు చుక్క మీద వెలుగు

అందరికీ నమస్కారం.

క్యాన్సర్ అని గట్టిగా చెప్పాలంటే ఈరోజుకీ చాలావరకు బయాప్సీయే, అంటే శరీరం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడమే దిక్కు. ఆ ముక్క ఎవరి నుంచి తీయాలో ముందే ఒక రక్తపు చుక్కో, కాస్త లాలాజలమో చెప్పగలిగితే ఎంతమందికి ఊరట!

దానికి ఒక దారి కాంతి. ఒకే రంగు లేజర్ కాంతిని ద్రవం మీద వేస్తే, చెదిరే కాంతి దాదాపు అంతా అదే రంగులో ఉంటుంది. సుమారు కోటికి ఒక ఫోటాన్ (కాంతి కణం) మాత్రం అణువుల కంపనాలతో శక్తి ఇచ్చిపుచ్చుకుని, రంగు మారి వస్తుంది. 1928లో సి.వి. రామన్ కనిపెట్టింది దీన్నే. ఆ మార్పును కొలిచి గ్రాఫ్ గీస్తే ఏ అణువులు ఉన్నాయో తెలుస్తుంది. పరారుణ కాంతితోనూ ఇలాంటి పని చేయొచ్చు. కానీ నీళ్లు ఆ కాంతిని బాగా పీల్చేస్తాయి కాబట్టి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) చుక్కను ముందు ఆరబెడతారు. చుక్క ఆరేటప్పుడు ప్రొటీన్లు అంచుకు చేరి వలయం కడతాయి. అంచు మీద కొలిస్తే ఒక గ్రాఫ్, మధ్యలో కొలిస్తే ఇంకోటి!

ఇక్కడ వెతికేది ఏదో ఒక్క పదార్థాన్ని కాదు. ప్రొటీన్లు, కొవ్వులు, చక్కెరలు అన్నీ కలిసి గీసే మొత్తం గ్రాఫ్‌ను. దీని బలం అదే, చిక్కూ అదే. షుగర్ జబ్బు, ఇన్ఫెక్షన్ కూడా ఆ గ్రాఫ్‌ను మారుస్తాయి. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే హిమోగ్లోబిన్ సీరంలోకి కారి ఇంకా మారుస్తుంది. క్యాన్సర్ రోగుల శాంపిళ్లు ఏళ్ల తరబడి ఫ్రీజర్‌లో ఉండి, ఆరోగ్యవంతులవి నిన్న తీసినవైతే, గ్రాఫ్‌లను చూసి క్యాన్సర్‌ను గుర్తుపట్టాల్సిన కంప్యూటర్ ఆ నిల్వ తేడాను నేర్చుకుని దాన్నే క్యాన్సర్ అంటుంది. అందుకే ఎవరైనా 95 శాతం కచ్చితత్వం అంటే, శాంపిళ్లు ఎలా తీశారు, కొత్త ఆసుపత్రి శాంపిళ్ల మీద పరీక్షించారా అని ముందు అడుగుతాను.

ఒక లెక్క చూడండి. 1000 మందిలో 10 మందికి క్యాన్సర్ ఉందనుకుందాం. పరీక్ష రోగుల్లో 90 శాతాన్ని పట్టుకుంటుంది, ఆరోగ్యవంతుల్లో 90 శాతానికి సరిగ్గా లేదంటుంది. అప్పుడు 9 మంది దొరుకుతారు, ఒకరు తప్పిపోతారు. ఏమీ లేని 99 మందికి మాత్రం ఉత్త పుణ్యానికి టెన్షన్. అదే పరీక్షను ఇప్పటికే లక్షణాలతో డాక్టర్ దగ్గరకు వచ్చినవాళ్లకు చేద్దాం. వాళ్లలో 1000కి 100 మందికి జబ్బు ఉంటే, ఉందని తేలిన 180 మందిలో 90 మందికి నిజంగానే ఉంటుంది. ఎవరికి ముందు స్కాన్, ఎవరికి ముందు బయాప్సీ అని తేల్చడానికి అది డాక్టర్‌కు పనికొచ్చే సమాచారం. ఈ కాంతి పరీక్షకు మొదట పని అప్పగించాల్సింది అక్కడే.