సెల్లార్ తలుపు

అందరికీ నమస్కారం. ఈ బెంగళూరు ట్రాఫిక్‌లో వైట్‌ఫీల్డ్ నుంచీ యలహంక నుంచీ ఒక పాత బ్లాక్ అండ్ వైట్ దెయ్యాల సినిమా కోసం ఇంతమంది వచ్చారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. సినిమా వేసేముందు, ఇది నాకెందుకంత ఇష్టమో చెప్పమన్నారు.

'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' 1968లో వచ్చింది. శవాలు లేచి మనుషుల మీద పడుతుంటే, కొంతమంది ఒక ఇంట్లో దాక్కునే కథ. దర్శకుడు జార్జ్ రొమేరో అప్పటిదాకా పిట్స్‌బర్గ్‌లో యాడ్ ఫిల్ములు తీసుకునే కుర్రాడు. మొదట పదిమంది కలిసి మనిషికి 600 డాలర్లు వేసుకున్నారు, అంతా పూర్తయ్యేసరికి 1,14,000 డాలర్ల దాకా అయింది. రేపోమాపో కూల్చేసే ఇల్లొకటి దొరికింది కాబట్టి, గోడలకి ఎన్ని మేకులు కొట్టినా అడిగేవాళ్లు లేరు. రక్తమంటారా, చాక్లెట్ సిరప్! సంగీతం కూడా కొత్తగా చేయించలేదు, మ్యూజిక్ లైబ్రరీలో ఉన్నదే వాడుకున్నారు.

పాపం డబ్బుల్లేక అలా తీశారు అంటారు చాలామంది. నేనొప్పుకోను. డబ్బుంటే ఊళ్లకి ఊళ్లు తగలబడటం చూపించేవాళ్లు, మనం చూసి మర్చిపోయేవాళ్లం. లేదు కాబట్టి కెమెరా ఎక్కువసేపు ఆ ఇంట్లోనే ఉండిపోయింది, ఊళ్లో ఏం జరుగుతోందో రేడియోలో, టీవీలో వింటాం, ఇక్కడేమో బెన్ అనే అతను బల్ల విరగ్గొట్టి ఆ చెక్కలు తలుపులకీ కిటికీలకీ అడ్డంగా కొడుతూనే ఉంటాడు. ఆ సుత్తి చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

అసలు భయం మాత్రం లోపలి గొడవలో ఉంది. సెల్లార్‌లోకి, అంటే ఇంటి కింది గదిలోకి పోయి తలుపేసుకుందాం అంటాడు అదే ఇంట్లో దాక్కున్న కూపర్. కాదు, పైనే ఉందాం, అక్కడ చిక్కుకుంటే తప్పించుకునే దారి లేదు అంటాడు బెన్. బయట శవాలు నడుస్తుంటే వీళ్లిద్దరూ ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లాలి అని కొట్లాడుకుంటారు. బెన్‌గా చేసిన డ్యూయేన్ జోన్స్ నల్లజాతి నటుడు. 1968 అమెరికాలో అదెంత పెద్ద విషయమో మీకు తెలుసు, అయినా సినిమాలో ఎవరూ అతని రంగు గురించి ఒక్క మాట కూడా ఎత్తరు.

నేను మొదటిసారి మారతహళ్లి పీజీలో, లాప్‌టాప్‌లో చూశాను. ఈ సినిమా పేరు మార్చినప్పుడు టైటిల్ కార్డు మీద కాపీరైట్ నోటీసు పెట్టడం మర్చిపోయారట, దాంతో అమెరికాలో దానిమీద ఎవరికీ హక్కు లేకుండా పోయి, చౌక కాపీలు ఎక్కడపడితే అక్కడ తిరిగాయి. అలాంటి మసక కాపీ ఒకటి నాకు దొరికింది. అప్పుడు నచ్చింది, అంతే.

2024 ఎండాకాలం మీకు గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియక, మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో రాత్రి పదకొండింటిదాకా అరుచుకున్నాం. పదేళ్లుగా పండక్కి అరిసెలు పంపించుకునేవాళ్లమే, ఏ బ్లాక్‌కి ముందు నీళ్లు వదలాలి అని ఒకరి మొహం ఒకరం చూసుకోలేని దాకా వచ్చాం. నేనూ గట్టిగానే అరిచాను, మా ఇంట్లో పసిపిల్ల ఉంది మరి. ఆ రాత్రి నిద్ర పట్టక ఈ సినిమా మళ్లీ పెట్టుకున్నాను. కూపర్ కూతురు జబ్బుతో సెల్లార్‌లోనే పడుకుని ఉంటుంది, మొదటిసారి ఆ సంగతే పట్టించుకోలేదు. అప్పటిదాకా నాకు విలన్‌లా కనిపించిన మనిషి ఆ రాత్రి ఒక భయపడ్డ తండ్రిలా కనిపించాడు.

సెల్లార్ గురించి ఎవరి మాట కరెక్టో నేను చెప్పను, చివరిదాకా కూర్చోండి. గంటా ముప్పై ఆరు నిమిషాలే. లైట్లు ఆపేయండి బాబూ.