పాత రిమోట్ ట్రక్కును ఎనుమాముల మిర్చి లారీ చేసుడు ఎట్ల?

నమస్తే అందరికి. బల్ల మీద ఉన్న బండి చూడండి. 1/16 స్కేల్, ఆరు చక్రాల రిమోట్ ట్రక్కు, డబ్ల్యూపీఎల్ బీ-36. రష్యా వాళ్ల యురాల్ మిలిటరీ ట్రక్కు నమూనా ఇది. ఆరు చక్రాలూ గుంజుతయి. సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్నది. స్టీరింగ్ ఒక్క దిక్కే తిరుగుతది, వెనక ఇరుసు కటకట అంటది, బ్యాటరీ ఉబ్బింది. పాత రిమోట్ ట్రక్కులల్ల ఎక్కువ వాటికి ఉండే రోగాలు ఈ మూడే. వీటిని బాగు చేసి, వరంగల్‌ల ఉన్న ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చే లారీ లెక్క దీన్ని తయారు చేద్దాం.

చాలామంది బండి చేతికి రాంగనే రంగు డబ్బా కొంటరు. రంగు చివరికి. లారీ లారీ లెక్క కనవడేది దాని బరువు తోటి, నడక తోటి. ఒక లెక్క చెప్త, బుర్రల పెట్టుకోండి. 1/16 స్కేల్ అంటే పొడవు 16 వంతులు తగ్గుతది. బరువు మాత్రం 16 ఇంటూ 16 ఇంటూ 16, అంటే 4096 వంతులు తగ్గాలె. 40 కిలోల మిర్చి బస్తా మన బండి మీద 10 గ్రాములు. 10 టన్నుల లోడు దాదాపు 2 కిలోల 440 గ్రాములు. వేగం మాత్రం పొడవు లెక్కనే, 16 వంతులు తగ్గాలె. రోడ్డు మీద 60 కిలోమీటర్ల స్పీడుతో పోయే లారీ, ఈ సైజుల గంటకు 3.75 కిలోమీటర్లు పోవాలె. అంటే మనిషి నడక కన్నా జర తక్కువ. బొమ్మ కారు లెక్క సర్రున ఉరికితే ఎంత మంచి రంగేసినా అది బొమ్మే. అందుకే మొదటి పైసలు గేర్ల మీద, మోటారు మీద పెట్టండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది. రిమోట్ లేకుంట బండి ఒక్కటే అమ్మితే, లోపలి బోర్డు ఉన్నా లేనట్టే. ఇలాంటి బండ్ల రిసీవర్ తన కంపెనీ రిమోట్‌కే జత అయితది. కొత్త రిమోట్, రిసీవర్, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నడిపే బోర్డు), సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) నాలుగూ కొనాల్సి వస్తది. ఆ ఖర్చు కలుపుకొని బేరం చెయ్యండి.

బ్యాటరీ ఉబ్బిందంటే ఇంకొక్కసారి చార్జ్ చేసి చూద్దాం అనుకోకండి. సూది తోటి పొడవకండి, నొక్కకండి. ఇసుక పోసిన బకెట్ల పెట్టి, ఇంటి బయట ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇయ్యండి. మంచి బ్యాటరీయే అయినా మీటర్ పెట్టి ఒక్కో సెల్ చూడండి. నిండుగ ఉంటే 4.2 వోల్టులు, దాచిపెట్టేటప్పుడు 3.8, నడిపి 3.3 దగ్గర ఆపాలె. రెండు సెల్‌ల మధ్య 0.1 వోల్టు కన్నా ఎక్కువ తేడా ఉంటే ఆ బ్యాటరీ మీద ఆశ పెట్టుకోకండి. చార్జింగ్ 1సీ తోటి చాలు. 1500 ఎంఏహెచ్ అయితే 1.5 ఆంపియర్. మన దగ్గర ఇంకో ముచ్చట ఉంది. మే నెలల ఎండకు నిలబెట్టిన కారు లోపట, స్కూటర్ డిక్కీల ఈ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెట్టకండి. నడిపినంక పావుగంట నీడకు చల్లారనిచ్చి చార్జ్ పెట్టండి.

ఇగ బండి విప్పుడు మొదలు పెడదాం. స్క్రూలు ఒక్క డబ్బాల వెయ్యకండి. అట్ట ముక్క మీద బండి బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొడుగు స్క్రూ పొట్టి దాని జాగల పోతే లోపట గేరుకు తాకుతది. మళ్లీ బిగించేటప్పుడు నేరుగ కుడికి తిప్పకండి. ముందు మెల్లగ ఎడమకు తిప్పండి, ఒక చోట టక్కున లోపలికి దిగుతది. అదే పాత మర. అక్కడి నుంచి కుడికి తిప్పాలె. ఈ ఒక్క అలవాటు లేకనే ప్లాస్టిక్ రంధ్రాలు పోతయి. ఇప్పటికే పోయిన రంధ్రం ఉంటే, అదే ప్లాస్టిక్ సన్న పుల్ల ఒకటి సూపర్ గ్లూ తోటి లోపట దించి, ఒక రాత్రి ఆరనిచ్చి, సన్న డ్రిల్ తోటి మళ్లీ రంధ్రం చెయ్యండి.

కడుగుడు. మొరం రోడ్డు దుమ్ము పాత గ్రీజ్‌ల కలిస్తే అది గ్రీజ్ కాదు, సానపెట్టే పేస్ట్. గేర్ల పండ్లను అదే తింటది. ప్లాస్టిక్ భాగాలను గోరువెచ్చటి నీళ్లల్ల గిన్నెలు తోమే సబ్బు ఏసి, పాత పండ్ల బ్రష్ తోటి కడగండి. గడ్డకట్టిన గ్రీజ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. పెట్రోల్, థిన్నర్ అసలే వద్దు. అప్పుడేం కనవడదు కానీ, వారం అయినంక స్క్రూల చుట్టూ ఏబీఎస్ ప్లాస్టిక్ పగులు ఇస్తది.

కటకట శబ్దం సంగతి. దీనికి మూడు కారణాలు ఉంటయి, వరుసగ చూడాలె. ఒకటి, ఇరుసు డబ్బా స్క్రూలు వదులైతయి. అప్పుడు లోపలి గేర్లు దూరం జరిగి ఒకదాని మీంచి ఒకటి దుంకుతయి. రెండు, మోటారు బలాన్ని ఇరుసుకు మోసే డ్రైవ్ షాఫ్ట్ కొసకు ఉండే కప్పు పగులుతది. మూడు, గేరు పన్ను విరుగుతది. మోటారు ఆపి, ఒక చక్రం గట్టిగ పట్టుకొని షాఫ్ట్‌ను చేతితోటి తిప్పండి. అడ్డం తగిలి ఒక్కసారి జారితే గేరు. ఏ అడ్డం లేకుంట షాఫ్ట్ ఊరికే తిరిగితే కప్పు. గేరు పండ్లు మంచిగనే ఉండి జారుతుంటే, పెద్ద గేరు వెనక 0.1 లేదా 0.2 మిల్లీమీటర్ల సన్న వాషర్ వెయ్యండి, దగ్గరకు వస్తది. గేరు మార్చాల్సి వస్తే జత మొత్తం మార్చండి. అరిగిన ఇనుప పినియన్ (చిన్న గేరు), కొత్త ప్లాస్టిక్ పెద్ద గేరు కలిపితే ఇనుము ప్లాస్టిక్‌ను తొందరగ అరగదీయొచ్చు. గ్రీజ్ కందిగింజంత చాలు. ప్లాస్టిక్ గేర్లకు సిలికాన్ గ్రీజ్, ఇనుప గేర్లకు లిథియం గ్రీజ్. డబ్బా నింపితే మోటారుకు బరువైతది, సీల్ నుంచి కారి దుమ్ము పట్టుకుంటది.

ఇరుసుల చివర్ల ప్లాస్టిక్ లేదా ఇత్తడి బుష్‌లు ఉంటే తీసేసి బాల్ బేరింగ్‌లు పెట్టండి. సైజు ఊహించి కొనకండి, వెర్నియర్ తోటి కొలవండి. 5×11×4 అని రాసి ఉంటే లోపలి వ్యాసం 5, బయటిది 11, మందం 4 మిల్లీమీటర్లు. ఇట్లాంటి ఇరుసులల్ల డిఫరెన్షియల్ లేదు, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతయి. మట్టి మీద అదే మంచిది. సీసీ రోడ్డు మీద మలుపు తిప్పితే టైరు గీసుకుంటది, షాఫ్ట్ కప్పుల మీద బరువు పడుతది. అందుకే గచ్చు మీద గట్టి మలుపులు తిప్పకండి.

మోటారు పినియన్ బిగించేటప్పుడు రెండు గేర్ల మధ్య నోట్‌బుక్ కాగితం ముక్క పెట్టి, దగ్గరకు నొక్కి, స్క్రూ బిగించి, కాగితం గుంజేయండి. అంత సందు చాలు. మరీ దగ్గరైతే మోటారు మొత్తుకుంటది, వేడెక్కుతది. మరీ దూరమైతే పండ్లు పోతయి. మోటారు మీద కెపాసిటర్లు లేకుంటే 104 అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటర్లు మూడు టంకం పెట్టండి. రెండు టెర్మినళ్ల మధ్య ఒకటి, ఒక్కో టెర్మినల్ నుంచి మోటారు డబ్బాకు ఒక్కొక్కటి. బ్రష్‌ల నిప్పురవ్వల తోటి రిసీవర్‌కు కలిగే అడ్డంకి తగ్గుతది, స్టీరింగ్ వణుకుడు ఆగుతది. ఇక నెమ్మదిగ నడవాలంటే రిమోట్‌ల థ్రాటిల్ తగ్గిస్తే సరిపోతదని కొందరు చెప్తరు. దానితోటి పై వేగం తగ్గుతది కానీ గట్టు ఎక్కే బలం పెరగది. బలం కావాలంటే చిన్న పినియన్ వెయ్యాలె.

స్టీరింగ్ ఒక్క దిక్కే తిరుగుతుందంటే సర్వో మీద నింద ఎయ్యకముందు, సర్వో నుంచి లింకు ఇప్పి చక్రాలను చేతితోటి తిప్పండి. అక్కడ ఎండిన రేగడి మట్టి గడ్డ కట్టి ఉంటే సర్వో ఏం చేస్తది? చక్రాలు వదులుగ తిరిగితే అప్పుడు సర్వో. దీంట్ల 5 వైర్ల సర్వో ఉంది చూడండి. మోటారుకు రెండు, సర్వో ఎంత తిరిగిందో చెప్పే లోపలి పొటెన్షియోమీటర్‌కు మూడు. నడిపే సర్క్యూట్ బోర్డు మీద ఉంటది. పొటెన్షియోమీటర్ అరిగినా, దాని వైరు తెగినా, సర్వో ఒక కొసకు పోయి అక్కడే గుంజుకుంటది. బజార్ల దొరికే 3 వైర్ల సర్వో ఈ బోర్డుకు పనికి రాదు. కాబట్టి బోర్డు తీసేసి విడి సామాన్ పెడుతున్నం. 3 చానెళ్ల రిసీవర్, ఇనుప గేర్ల సర్వో, హాబీవింగ్ 1060 ఈఎస్‌సీ. ఈ ఈఎస్‌సీ మీద చిన్న జంపర్లు (పీకి మార్చి పెట్టే క్లిప్పులు) ఉంటయి, లైపో దిక్కు పెట్టారా లేదా చూసుకోండి. నైమ్ (నికెల్ బ్యాటరీ) దిక్కు ఉంటే లైపోకు సరైన చోట కరెంటు ఆగది, సెల్ చస్తది.

సర్వోకు కొమ్ము (లింకును కదిపే చిన్న చెయ్యి) పెట్టకముందే రిమోట్ ఆన్ చేసి, ట్రిమ్ (స్టీరింగ్ నడుమను సరిచేసే బటన్) సున్నాకు తెచ్చి, సర్వో నడుమకు వచ్చినంక కొమ్ము నిలువుగ పెట్టాలె. తర్వాత చక్రం కొస దాంక తిప్పండి. సర్వో జుయ్యిమని శబ్దం చేస్తుంటే అది అవసరానికి మించి గుంజుతుంది. రిమోట్‌ల ఎండ్ పాయింట్ (సర్వో ఎంత దూరం తిరగాలో చెప్పే సెట్టింగ్) తగ్గించుకుంట పోతే శబ్దం ఆగిన చోట మీ హద్దు.

ఇగ లారీ రూపం. యురాల్ ముక్కు మన రోడ్ల మీద తిరిగే లారీకి కలవది. దాన్ని తీసేసి, క్యాబిన్‌ను 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (గట్టి ఫోమ్ షీట్) తోటి కట్టుకోవచ్చు. హనుమకొండల, వరంగల్‌ల ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపుల్ల కోసినంక మిగిలిన ముక్కలు ఉంటయి, అడగండి. తొట్టి వెడల్పు 15 సెంటీమీటర్లు పెట్టండి, అది అసలు లారీ 2.4 మీటర్లకు సమానం. పక్క పలకలకు ఐస్‌క్రీం పుల్లలు భలే సరిపోతయి. పుల్ల వెడల్పు 10 మిల్లీమీటర్లు, అంటే అసలుల 16 సెంటీమీటర్ల పలక. పుల్లల మధ్య అర మిల్లీమీటర్ సందు వదలండి, లేకుంటే రంగు ఏసినంక చెక్క లెక్క కనవడది.

రంగుకు ముందు ప్లాస్టిక్‌ను 400 నంబర్ ఉప్పు కాగితంతో, తర్వాత 1000 నంబర్ తడి కాగితంతో రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టండి. డబ్బా 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంల పెట్టి, పలుచటి పూతలు మూడు, నడుమ 10 నుంచి 15 నిమిషాలు. ఎండకాలం మధ్యాహ్నం కొట్టకండి. చుక్క బండిని తాకకముందే గాలిల ఆరిపోయి ఇసుక లెక్క గరుకైతది. వానకాలం గాలిల తేమ ఉన్నప్పుడు తెల్లగ పాలిపోతది. ఎండకాలం పొద్దున 7 లోపట, వానకాలం ఎండ కాసిన రోజు కొట్టండి. అక్షరాలు చేతితోటి రాయాలంటే లక్కర్ (తొందరగ ఆరే రంగు) మీద ఎనామిల్ (మెల్లగ ఆరే రంగు) తోటి రాయొచ్చు. ఎనామిల్ మీద లక్కర్ కొడితే ముడతలు పడతయి. వరుస తప్పకండి.

నంబర్ ప్లేటు పసుపు పచ్చ మీద నల్ల అక్షరాలు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చింది, మన హనుమకొండ దిక్కు 03. పెద్ద లారీ ప్లేటు 340×200 మిల్లీమీటర్లు, మన సైజుకు 21×12.5. నిజంగ తిరిగే బండి నంబర్ మాత్రం పెట్టకండి. రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, పక్కలకు పసుపు, వెనక ఎరుపు. అసలుది 50 మిల్లీమీటర్లు, మనకు 3 మిల్లీమీటర్లు. వెనక తలుపు మీద కాకతీయ కళాతోరణం ఏసుకుంటే ఇది ఏ ఊరి లారీయో అడగాల్సిన పని లేదు. బంపర్ కింద నిమ్మకాయ మిరపకాయలు కట్టాలంటే ఎండుమిర్చి గింజలను ఎర్ర దారానికి కుట్టి చూడండి, సైజు సరిగ్గ వస్తది.

లైట్లకు 3 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీలు. ముందుగాల ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు ఎన్ని వోల్టులు వస్తున్నయో మీటర్ పెట్టి చూడండి. 5 వోల్టులైతే తెల్ల లైటుకు 150 ఓమ్స్, ఎర్ర లైటుకు 220. 6 వోల్టులైతే తెల్లదానికి 220, ఎర్రదానికి 330. ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కో రెసిస్టర్. రెండింటికి కలిపి ఒకటి పెడితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వెలుగుతది.

చివరికి బస్తాలు. గోనె గుడ్డ తోటి 6×4 సెంటీమీటర్ల సంచులు కుట్టి రంపపు పొట్టు నింపండి. చిన్న త్రాసు మీద ఒక్కోటి 10 గ్రాములు తూచండి. 24 బస్తాలు 240 గ్రాములు. మిర్చి లోడు ఎత్తు ఎక్కువ, అందుకే బ్యాటరీ చాసిస్‌కు అడుగున పెట్టాలె, తొట్టిల పెట్టొద్దు. అయినా బండి వాలుతుంటే ముందు చక్రాల లోపట రింగుకు టంకం తీగ చుట్టండి, ఒక్కో చక్రానికి 30 నుంచి 50 గ్రాములు. టైరు లోపల ఇటు అటు కదలకుంట చుట్టాలె. లోడు ఏసినంక బండిని చెక్క పలక మీద అడ్డంగ నిలబెట్టి ఒక దిక్కు మెల్లగ లేపండి. 25 డిగ్రీల దాంక పడకుంటే చెరువు కట్ట మీద మొరంల ధైర్యంగ నడపొచ్చు.

మొదటిసారి 5 నిమిషాలే నడపండి. ఆపి మోటారును వేలితోటి ముట్టి చూడండి. వేలు 3 సెకండ్లు ఆనకుంటే పినియన్ ఇంకా చిన్నది పెట్టాలె, లేదా లోడు దించాలె. చక్రాల నట్లు, షాఫ్ట్ స్క్రూలు మళ్లీ ఒకసారి బిగించండి. ఇనుముల ఇనుము పోయే స్క్రూలకు నీలం థ్రెడ్‌లాక్ ఒక్క చుక్క. ప్లాస్టిక్‌ల పోయే స్క్రూకు అది అసలే పెట్టకండి, ప్లాస్టిక్ పగులుతది.