ఏజెంట్ టూల్ సర్వర్ బతికి ఉంటే సరిపోతుందా?

సభలో ఉన్న పెద్దలకు, మిత్రులకు నమస్కారం. వారమంతా వైట్‌ఫీల్డ్, మారతహళ్లి ఆఫీసుల్లో సర్వర్లతో కుస్తీ పట్టి, సెలవు రోజున కూడా బెంగళూరు ట్రాఫిక్‌ను దాటుకుని వచ్చి, ఆ సర్వర్ల గురించే తెలుగులో వినాలనుకున్న మీ ఓపిక గొప్పది. ఏఐ ఏజెంట్లకు, అంటే మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ప్రోగ్రామ్‌లకు, టూల్స్ అందించే సర్వర్ల ఆరోగ్యాన్ని ఎలా పరీక్షించాలన్నది ఈనాటి విషయం.

మామూలు వెబ్ సర్వర్ పాడైతే పేజీ తెరుచుకోదు. వాడేవారికి ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది. ఏజెంట్ టూల్ దగ్గర సర్వర్‌కూ మనిషికీ నడుమ ఒక భాషా నమూనా, అంటే లాంగ్వేజ్ మోడల్, ఉంటుంది. తనకు అందింది అరకొర సమాచారమైనా సరే, అది చక్కని వాక్యాలుగా అల్లి అప్పజెప్పగలదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

బెంగళూరు నుంచి అనంతపురం, కర్నూలు వైపు వెళ్లే బస్సుల్లో ఖాళీ సీట్లు చెప్పే టూల్ ఒకటి ఉందనుకుందాం. సంక్రాంతి రద్దీలో డేటాబేస్ కనెక్షన్లన్నీ వాడకంలో ఉండిపోయి, కొత్త అభ్యర్థనకు ఒక్కటీ దొరకలేదు. కోడ్ రాసినవారు ఆ ఎక్సెప్షన్‌ను, అంటే నడుస్తుండగా వచ్చిన లోపాన్ని, పట్టుకుని, లాగ్‌లో ఒక వరుస రాసి, ఖాళీ జాబితాను తిరిగి పంపించారు. ఏజెంట్ దాన్ని చూసి ‘ఆ రోజు సీట్లు లేవండి’ అంటుంది. పండగ ముందు సీట్లు లేవంటే అనుమానించేవారెవరు? ఆ సమయంలో సర్వర్ బాగుందా అని అడిగే హెల్త్ చెక్ చిరునామా 200, అంటే ‘అంతా సరే’, అనే జవాబిస్తూ ఉంటుంది, డాష్‌బోర్డ్ అంతా పచ్చగానే కనిపిస్తుంది. వాకిట్లో దీపం వెలుగుతోంది కనుక ఇంట్లో మనుషులున్నారని నమ్మడం లాంటిదే ఇది.

2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, అంటే మనమంతా ఎంసీపీ అని పిలుచుకునేది, ఏఐ యాప్‌లు టూల్ సర్వర్లతో మాట్లాడే పద్ధతి. అది జేసన్-ఆర్‌పీసీ 2.0 అనే రూపంలోని సందేశాల మీద నడుస్తుంది. అందులో పింగ్ అనే అభ్యర్థన ఉంది. దాన్ని అందుకున్నవారు జాప్యం లేకుండా ఖాళీ ఫలితాన్ని తిరిగి పంపాలి. అవతలి ప్రాసెస్ సందేశాన్ని చదివి జవాబు రాయగలుగుతోందని తప్ప పింగ్ వల్ల మరేమీ రుజువు కాదు. మొదట ఇద్దరూ పరిచయం చేసుకునే ఇనిషియలైజ్ దశ దాటితే ప్రోటోకాల్ వెర్షన్ కుదిరిందని తెలుస్తుంది, టూల్స్ జాబితా అడిగితే పేర్లు వస్తాయి. అసలు టూల్‌ను, జవాబు ముందే తెలిసిన ప్రశ్నతో పిలిచి చూసినప్పుడే డేటాబేస్ వరకూ దారి తెరిచి ఉందో లేదో తేలుతుంది. బస్సుల టూల్‌కైతే, ఎప్పుడూ మూడు సీట్లు ఖాళీగా ఉండే ఒక పరీక్షా సర్వీసును డేటాబేస్‌లో ఉంచి, కొన్ని నిమిషాలకోసారి దాన్ని అడిగితే చాలు. ఆ పిలుపు చదివేదే అయి ఉండాలి, టికెట్ బుక్ చేసేది కాకూడదు. బయటి ఏపీఐకి డబ్బు కడుతున్నవారు పరీక్షా పిలుపులు కూడా బిల్లులోకి, దాటితే ‘మరీ ఎక్కువసార్లు అడిగారు’ అనే 429 జవాబు వచ్చే పరిమితిలోకి లెక్కకొస్తాయని గుర్తుంచుకోవాలి.

ఇంత లోతైన పరీక్షను ఎక్కడ పెట్టాలన్నది వేరే ప్రశ్న. కంటైనర్లలో పెట్టిన ప్రోగ్రామ్‌లను నడిపించే కుబర్నెటిస్‌లో, బతికుందా అని అడిగే లైవ్‌నెస్ ప్రోబ్ విఫలమైతే కంటైనర్‌ను చంపి మళ్లీ మొదలుపెడతారు. పనికి సిద్ధమా అని అడిగే రెడీనెస్ విఫలమైతే దానికి ట్రాఫిక్ పంపడం మాత్రం ఆపుతారు. మనం ఏమీ మార్చకపోతే 10 సెకన్లకోసారి అడిగి, 1 సెకను ఎదురుచూసి, వరుసగా 3 సార్లు తప్పితే విఫలమైనట్టు లెక్కిస్తారు. డేటాబేస్ పరీక్షను లైవ్‌నెస్‌లో పెట్టారంటే, డేటాబేస్ కాస్త నెమ్మదించగానే అన్ని కంటైనర్లూ దాదాపు ఒకేసారి రీస్టార్ట్ అయ్యి, అన్నీ కలిసి కొత్త కనెక్షన్ల కోసం దాని మీదే పడతాయి. నన్నడిగితే లైవ్‌నెస్ ఎంత మొద్దుగా ఉంటే అంత మేలు.

ఇక లాప్‌టాప్‌లో స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ ద్వారా నడిచే సర్వర్లకు ప్రోబ్‌లు పెట్టేవారు ఎవరూ ఉండరు. అక్కడి జబ్బులు వేరు. స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో ప్రోటోకాల్ సందేశాలు తప్ప మరేమీ రాకూడదు. ఎవరో డీబగ్ కోసం వదిలేసిన ఒక్క ప్రింట్ వరుస సంభాషణను చెడగొట్టగలదు. లాగ్‌లు స్టాండర్డ్ ఎర్రర్‌కు వెళ్లాలి. ‘టెర్మినల్‌లో పనిచేస్తోంది, యాప్‌లో పనిచేయట్లేదు’ అన్న ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఉండేది, డెస్క్‌టాప్ యాప్‌కు మన షెల్‌లోని పాత్, అంటే ప్రోగ్రామ్‌లను వెతికే ఫోల్డర్ల జాబితా, అందకపోవడమే. ఇలాంటివాటి కోసమే హోంబ్రూ, ఫ్లటర్ అనే డెవలపర్ సాధనాల తరహాలో, అమరికలో లోపాలు వెతికే ఒక డాక్టర్ కమాండ్ రాయాలి. అది ఏం చూసిందో, ఏం ఉండాల్సిందో, ఇప్పుడు ఏం చేయాలో మూడూ చెప్పాలి. ఏపీఐ కీని మాత్రం అచ్చువేయకూడదు, ఉందో లేదో చెబితే చాలు. ఎందుకంటే ఆ అవుట్‌పుట్ మరుక్షణంలో టీమ్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది.

మళ్లీ ఖాళీ జాబితా సంగతికి వస్తాను. లేని టూల్‌ను పిలవడం లాంటి తప్పులు ప్రోటోకాల్ లోపాలుగా వెళ్తాయి. టూల్ నడుస్తుండగా జరిగిన వైఫల్యాన్ని మాత్రం ఫలితంలోనే, ఇది లోపం అని చెప్పే గుర్తు పెట్టి పంపేందుకు ఎంసీపీలో ఏర్పాటు ఉంది. మోడల్ దాన్ని చదివి తగినట్టు నడుచుకోవాలన్నదే అందులోని ఉద్దేశం. ‘డేటాబేస్ అందుబాటులో లేదు, సీట్ల సంఖ్య తెలియదు, సీట్లు లేవని చెప్పవద్దు’ అని రాసి పంపితే ఏజెంట్ తప్పు చెప్పే అవకాశం బాగా తగ్గుతుంది. అయితే స్టాక్ ట్రేస్‌ను, అంటే కోడ్‌లో లోపం ఎక్కడెక్కడ నుంచి వచ్చిందో చూపే జాబితాను, యథాతథంగా పంపకండి. అంతర్గత సర్వర్ల పేర్లు బయటపడతాయి. పైగా బయటి సేవ నుంచి వచ్చిన లోప సందేశంలో ఎవరైనా ఆదేశాలు దాచి ఉంటే అవి కూడా మోడల్ చేతికి చేరతాయి. ఇదే కారణంగా, ఏజెంట్‌కు సర్వర్ స్థితిని చదివే టూల్ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు కానీ, రీస్టార్ట్ చేసే అధికారం మాత్రం ఆన్-కాల్‌లో, అంటే అత్యవసరానికి అందుబాటులో, ఉన్న మనిషి దగ్గరే ఉంచమంటాను.